ఇంట్లో నెట్ ఫోను సరిపోతుంటే ఆసుపత్రికి అంత పెద్ద వ్యవస్థ ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. గుంటూరులో 300 పడకల ఆసుపత్రికి మీరు పరిపాలనాధికారి. పాత ఈపీఏబీఎక్స్, అంటే లోపలి ఫోన్లను ఒకదానితో ఒకటి, బయటి లైన్లతో కలిపే ఎక్స్ఛేంజి పెట్టె, మార్చక తప్పని స్థితికి వచ్చింది. కొత్త ఐపీ ఫోను వ్యవస్థకు (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఫోన్లకు) వచ్చిన కొటేషన్ చూసి కమిటీ సభ్యులొకరు, "డాలస్‌లో ఉన్న మా అబ్బాయితో రోజూ నెట్ మీదే గంటసేపు మాట్లాడుతున్నాను, గొంతు పక్కగదిలో ఉన్నంత స్పష్టంగా వినిపిస్తుంది, రూపాయి ఖర్చు లేదు, ఆ పద్ధతి ఆసుపత్రికి ఎందుకు పనికిరాదు?" అని అడిగారు. ఆయనకు ఏం చెప్పాలన్నది మీ సందేహం.

ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న. ఇరవై రెండేళ్లుగా హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలలో ఆసుపత్రులకూ కళాశాలలకూ ఫోను వ్యవస్థలు అమర్చే పనిలో ఉన్నాను. దాదాపు ప్రతి కమిటీలోనూ ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. అమ్మేవాళ్లు దానికి సూటిగా జవాబివ్వకుండా ఫీచర్ల జాబితా చదువుతారు, అందువల్ల అడిగినవారి అనుమానం ఇంకా పెరుగుతుంది. నా జవాబు ఇది: గొంతును మోసే సాంకేతికత రెండింటిలోనూ దాదాపు ఒకటే. ఆ గొంతు నడిచే దారి ఎవరి అధీనంలో ఉంది, దారి చెడినప్పుడు జవాబు చెప్పవలసినది ఎవరు, ఒకేసారి నలభైమంది మాట్లాడదలచినప్పుడు ఎవరి కాల్ ముందు వెళ్లాలో నిర్ణయించేది ఎవరు అన్న మూడు విషయాల్లోనే తేడా అంతా ఉంది. కొటేషన్‌లో కనిపించే సొమ్ములో ఎక్కువ భాగం ఈ మూడింటికే పోతుంది, పోవాలి కూడా.

ఉమ్మడిగా ఉన్నది ముందు చెప్పుకుందాం. టెలిఫోను రంగంలో గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా మార్చడం ఎప్పుడో స్థిరపడిన పద్ధతి. ఆ పద్ధతికి ప్రమాణమైన జీ.711 అనే కోడెక్ (గొంతును అంకెలుగా మార్చి, తిరిగి గొంతుగా చేసే విధానం) 1972 నుంచి ఉంది. దానికి సెకనుకు 64 కిలోబిట్లు కావాలి. ఐపీ ఫోను ఆ అంకెలను సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్‌గా కట్టి, అంటే సెకనుకు 50 ప్యాకెట్ల చొప్పున, నెట్‌వర్క్ మీదికి వదులుతుంది. ప్రతి ప్యాకెట్‌కూ చిరునామా వగైరా వివరాలు తగిలించాలి కాబట్టి ఈథర్నెట్ మీదికి వచ్చేసరికి ఒక్కో దిశలో 87 కిలోబిట్లకు కాస్త పైన అవుతుంది. ఎవరిని పిలవాలి, ఎప్పుడు మోగించాలి, ఎప్పుడు ముగించాలి అన్న సంప్రదింపులకు సిప్ అనే ప్రోటోకాల్ వాడతారు. దాని ఇప్పటి రూపం 2002లో వచ్చింది. మీ కొటేషన్‌లోని ఖరీదైన వ్యవస్థలోనూ, అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్లలో ఒకప్పుడు విరివిగా కనిపించిన, వోనేజ్ అనే కంపెనీ నెట్ ఫోను పెట్టెలోనూ పనిచేసేవి ఈ రకం పద్ధతులే. కాబట్టి "మాది పెద్ద సంస్థల టెక్నాలజీ, అది వేరు" అని ఎవరైనా అంటే నమ్మవద్దు.

ఇంట్లో వాడే నెట్ ఫోను అన్నప్పుడు మూడు వేర్వేరు వస్తువులను ఒకే పేరుతో పిలుస్తున్నాం. ఒకటి వాట్సాప్ వంటి యాప్; అది అదే యాప్ ఉన్నవారితోనే మాట్లాడిస్తుంది, మామూలు ల్యాండ్‌లైన్‌కు కలపదు. రెండోది రూటర్‌కు తగిలించే చిన్న పెట్టె. దానికి పాత ఫోను కలిపితే ఒక మామూలు నంబరు వస్తుంది, కాల్స్ మాత్రం మీ ఇంటర్నెట్ మీదే నడుస్తాయి. 2009లో వోనేజ్ తన నెలవారీ పథకంలో భారతదేశంతో సహా 60కి పైగా దేశాలకు అపరిమిత కాల్స్ చేర్చినప్పుడు న్యూజెర్సీ, టెక్సస్, కాలిఫోర్నియాలలోని మనవాళ్లు దాన్ని ఎంతగా ఆదరించారో ఆ రోజుల్లో అక్కడున్నవారికి గుర్తుండే ఉంటుంది. కాలింగ్ కార్డు గీకి, పొడవైన పిన్ నంబరు కొట్టి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడిన తరానికి అది పెద్ద ఊరట. మూడోది ఇప్పుడు మన ఇళ్లలో ఫైబర్ కనెక్షన్‌తోపాటు వచ్చే ల్యాండ్‌లైన్. ఇందులోనూ గొంతు ఐపీ ప్యాకెట్లుగానే వెళ్తుంది, కానీ సాధారణంగా మీ ఇంటర్నెట్ రద్దీతో కలవకుండా అదే ఫైబర్‌లో ఆపరేటర్ విడిగా పెట్టిన దారిలో, ఆ ఆపరేటర్ సొంత నెట్‌వర్క్ లోపలే నడుస్తుంది. అందుకే ఇంట్లో పిల్లలు సినిమా డౌన్‌లోడ్ చేస్తున్నా ఆ ఫోను చెదరదు. సంస్థల వ్యవస్థకు స్వభావంలో దగ్గరి చుట్టం ఈ మూడోదే. దారిని ఎవరో ఒకరు తమ అధీనంలో ఉంచుకున్నారు.

ఇక దారి సంగతికి వస్తాను. నా అనుభవంలో ఎక్కువ వ్యవస్థలు చెడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మాట ప్యాకెట్లకూ తక్కిన ప్యాకెట్లకూ మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఈమెయిల్‌లో ఒక ప్యాకెట్ పోతే మళ్లీ తెప్పించుకోవచ్చు, అర సెకను ఆలస్యమైనా చదివేవారికి తెలియదు. మాటలో ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్ రానిదానితో సమానం. నోటి నుంచి చెవికి 150 మిల్లీసెకన్ల లోపు చేరితే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం చెబుతుంది. అది దాటి పెరిగేకొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం, ఇద్దరూ ఒకేసారి ఆగడం మొదలవుతాయి. ఇప్పుడు మీ ఆసుపత్రికి సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ ఉందనుకోండి. సీటీ స్కాన్ విభాగం వాళ్లు ఒక రోగి చిత్రాలను బయటి రేడియాలజిస్టుకు పంపుతున్నారు. వందల మెగాబైట్ల ఆ ఫైలు 1,500 బైట్ల పెద్ద ప్యాకెట్లుగా రూటర్ ముందు వరుస కడుతుంది. ఒక్కో పెద్ద ప్యాకెట్ బయటికి వెళ్లడానికి 1.2 మిల్లీసెకన్లు పడుతుంది. వరుసలో ముందు 200 ప్యాకెట్లు ఉంటే వెనక నిలబడిన మాట ప్యాకెట్ 240 మిల్లీసెకన్లు ఆగాలి. రూటర్ ఏ తప్పూ చేయలేదు, ముందు వచ్చినదాన్ని ముందు పంపింది. కానీ క్యాజువాలిటీ నుంచి మాట్లాడుతున్న డ్యూటీ డాక్టరు గొంతు అవతలివారికి ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది.

సంస్థల వ్యవస్థలో దీనికి పరిష్కారం ప్రతి మాట ప్యాకెట్ మీదా ఒక ముద్ర వేయడం. ఆ ముద్ర విలువ 46; ఈ పనిలో ఉన్నవాళ్లు ఈఎఫ్ మార్కింగ్ అంటారు. ఫోను వేసిన ఆ ముద్రను అంతస్తులోని స్విచ్ (ఫోన్ల, కంప్యూటర్ల నెట్‌వర్క్ తీగలను కలిపే పెట్టె) గుర్తించాలి, భవనం మొత్తానికి ఉన్న ప్రధాన స్విచ్ గుర్తించాలి, బయటికి వెళ్లే రూటర్ గుర్తించాలి, ఆపరేటర్ ఇచ్చిన లైను కూడా గుర్తించాలి. అంబులెన్సు వస్తుంటే తక్కిన బండ్లు పక్కకు తప్పుకున్నట్లు, ముద్ర ఉన్న ప్యాకెట్‌కు ప్రతి మజిలీలోనూ దారివ్వాలి. ఒక్కచోట ఆ ఏర్పాటు లేకపోయినా తక్కిన అన్నిచోట్లా చేసినది వృథా అవుతుంది. ఫోన్ల కోసం విడిగా వాయిస్ వీలాన్ అని ఒక ప్రత్యేక విభాగం పెట్టేది కూడా ఇందుకే. అదే తీగ మీద కంప్యూటరూ ఫోనూ ఉన్నా నెట్‌వర్క్‌కు అవి రెండు వేర్వేరు వీధులు.

ఇంట్లో వాడే యాప్‌లోనూ, రూటర్‌కు తగిలించే పెట్టెలోనూ ఇది సాధ్యం కాదు. మీ రూటర్ దాటిన తర్వాత బహిరంగ ఇంటర్నెట్‌లో ఆ ముద్రను ఎవరూ పట్టించుకోరు. యాప్ తయారుచేసిన సంస్థకు దారి మీద ఏ అధికారమూ లేదు. అందువల్ల ఆ ఇంజనీర్లు వేరే ఉపాయం పట్టారు: దారి ఎలా ఉంటే దానికి తగినట్టు గొంతునే మార్చుకోవడం. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ వంటి కోడెక్‌లు దారి బాగుంటే ఎక్కువ బిట్లు వాడి విశాలమైన స్వరాన్ని పంపుతాయి, దారి ఇరుకైతే సెకనుకు 6 కిలోబిట్ల వరకూ కుదించుకుంటాయి, పోయిన ప్యాకెట్ స్థానంలో ఏమి ఉండి ఉండవచ్చో ఊహించి పూరిస్తాయి. ఇది నిజంగా గొప్ప పనితనం, దీన్ని తక్కువ చేసి మాట్లాడడం తప్పు. మీ కమిటీ సభ్యుడికి డాలస్ గొంతు పక్కగదిలో ఉన్నట్టు వినిపించడానికి కారణం ఇదే. మామూలు టెలిఫోను కాల్ సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్య స్వరాన్నే మోస్తుంది. "స", "ఫ" వంటి శబ్దాల్లోని పదును అందులో పోతుంది. యాప్ అంతకన్నా ఎంతో విశాలమైన స్వరాన్ని మోస్తుంది. కాబట్టి దారి బాగున్న రోజున ఇంటి యాప్ స్వరం, బయటి నంబరుకు కలిపిన మీ ఆసుపత్రి ఫోను స్వరం కన్నా మెరుగ్గా ఉంటుంది. ఇది ఒప్పుకోవలసిన మాట. అయితే దారి బాగాలేని రోజున యాప్ "రీకనెక్టింగ్" అని చూపి ఊరుకుంటుంది. మళ్లీ చేద్దాంలే అని తండ్రీకొడుకులు పెట్టేస్తారు. ఐసీయూ నుంచి బ్లడ్ బ్యాంకుకు చేసిన కాల్ విషయంలో ఆ వెసులుబాటు లేదు.

కొన్నేళ్ల కిందట ఒక ఆసుపత్రి వాళ్లు నన్ను పిలిపించారు. ఫోన్లు మంచివే, సర్వరు మంచిదే, కానీ రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా మాటలు తెగుతున్నాయి. అమర్చినవాళ్లు రెండుసార్లు ఫోన్లు మార్చారు, ఒకసారి సర్వరు మార్చారు. చూస్తే మూడో అంతస్తులో ఎవరో అదనపు పాయింట్ల కోసం బజారులో దొరికే చిన్న స్విచ్ పెట్టారు. అది ముద్రను గుర్తించే రకం కాదు. స్కానింగ్ విభాగం ఫైళ్లు అదే స్విచ్ గుండా వెళ్తున్నాయి. ఆ ఒక్క స్విచ్ మార్చగానే సమస్య పోయింది. ఇంత చిన్న కారణానికి నాలుగు నెలలు వార్డుల్లో సిస్టర్లు సొంత సెల్‌ఫోన్ల మీద ఆధారపడవలసి వచ్చిందంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీ కొటేషన్‌లో స్విచ్‌ల ఖర్చు ఎక్కువగా కనిపిస్తే ముందుగా దాన్నే తగ్గించమని అడిగే అలవాటు కమిటీలకు ఉంది. దయచేసి అక్కడ తగ్గించకండి. కావాలంటే టేబుల్ మీది ఫోన్లలో ఖరీదు తక్కువ మోడల్ తీసుకోండి.

రెండో పెద్ద తేడా లైన్ల లెక్క. ఇంట్లో ఒక నంబరు, ఒక సమయంలో ఒక కాల్, మహా అయితే రెండు. ఆసుపత్రిలో 220 ఎక్స్‌టెన్షన్లు ఉన్నా బయటి ప్రపంచానికి 220 దారులు అక్కర్లేదు. అలాగని ఎన్ని చాలో ఊహతో చెప్పకూడదు. డెన్మార్క్ గణితవేత్త ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేస్తూ 1917లో ఇచ్చిన సూత్రమే ఇప్పటికీ దీనికి ఆధారం. మీ లెక్క ఇలా వేద్దాం. ఉదయం తొమ్మిది నుంచి పది దాకా అపాయింట్‌మెంట్ల కోసం 200 కాల్స్ వస్తాయి, ఒక్కోటి సగటున మూడు నిమిషాలు అనుకుందాం. మొత్తం 600 నిమిషాలు, అంటే గంటలో పది లైన్లు ఎడతెగకుండా నిండి ఉన్నంత పని. దీన్ని 10 ఎర్లాంగ్‌లు అంటారు. పది లైన్లే తీసుకుంటే సరిపోతుందని అనిపిస్తుంది. కానీ కాల్స్ వరుసలో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి రావు, గుంపుగా వస్తాయి, ఒక్కోసారి ఎవరూ చేయరు. సూత్రం ప్రకారం పది లైన్లు ఉంటే ప్రతి వంద కాల్స్‌లో 21 కాల్స్‌కు బిజీ వస్తుంది. వందకు ఒకటికి మించకూడదనుకుంటే 18 లైన్లు కావాలి. ఆపరేటరు సంస్థలకు ఇచ్చే పాత పద్ధతి పీఆర్‌ఐ లైనులో 30 మాటల దారులు ఉంటాయి. అది ఒక శాతం బిజీతో సుమారు 20 ఎర్లాంగ్‌లు మోస్తుంది. ఇప్పుడు సిప్ ట్రంకు, అంటే ఆపరేటరు ఐపీ మీద ఇచ్చే బయటి లైను, తీసుకుంటే ఛానెళ్లను, అంటే మాటల దారులను, మీకు కావలసినన్ని కొనుక్కోవచ్చు, తర్వాత పెంచుకోవచ్చు. 18 ఛానెళ్లు ఒకేసారి నిండినా ఒక్కో దిశలో 1.6 మెగాబిట్లు కూడా దాటవు. "మాకు వంద మెగాబిట్ల నెట్ ఉంది, ఇంకేం కావాలి" అన్న వాదన ఎందుకు సరికాదో దీన్నిబట్టి తెలుస్తుంది. వేగానికి ఎప్పుడూ కొరత లేదు, కొరత అంతా ప్రాధాన్యానికే.

మీ పాత ఈపీఏబీఎక్స్ నుంచి బిజీ అవర్ (కాల్స్ అత్యధికంగా ఉండే గంట) నివేదిక తీసి చూడండి. ఆ పెట్టె ఎంత పాతదైనా కాల్ వివరాలు ఎక్కడో రాసిపెడుతూనే ఉంటుంది. పై లెక్కలో నా అంకెల స్థానంలో మీ అసలు అంకెలు పెడితే, అమ్మేవాళ్లు చెప్పిన ఛానెళ్ల సంఖ్య సరైనదో కాదో మీరే చెప్పగలరు.

కాల్‌ను ఎవరికి ఇవ్వాలి అన్న నిర్ణయాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, పాత వ్యవస్థలోనే మీకు ఇవి అలవాటు. రిసెప్షన్‌లో ముగ్గురిలో ఎవరు ఖాళీగా ఉంటే వారికి మోగడం, రాత్రి తొమ్మిది దాటాక అవే కాల్స్ క్యాజువాలిటీకి మళ్లడం, వార్డు ఫోను నుంచి ఎస్టీడీ, ఐఎస్‌డీ వెళ్లకుండా ఆపడం, డాక్టరు ఎత్తకపోతే ఇరవై సెకన్లలో ఆయన సెల్‌ఫోనుకు వెళ్లడం, అదీ ఎత్తకపోతే తర్వాతి డ్యూటీ డాక్టరుకు వెళ్లడం. ఇంటి సేవకు మనిషి తెలుసు, పదవి తెలియదు. అందులో ఒక నంబరు అంటే ఒక వ్యక్తి. సంస్థలో "డ్యూటీ అనస్థటిస్ట్" అన్న నంబరు వెనక ఈ పూట ఎవరున్నారో షిఫ్టును బట్టి మారుతుంది. సిబ్బంది వాట్సాప్ గ్రూపులతో ఈ పని నడిపిస్తున్న ఆసుపత్రులను చూశాను. మనిషి సెలవులో ఉన్న రోజున, లేదా ఫోను ఛార్జింగ్ అయిపోయిన క్షణాన ఆ ఏర్పాటు ఆగిపోతుంది. ఎవరు ఎప్పుడు ఎవరికి కాల్ చేశారన్న రికార్డు కూడా ఆసుపత్రి దగ్గర ఉండదు.

రికార్డు మాట వచ్చింది కాబట్టి రహస్యం గురించి ఒక మాట. వాట్సాప్ కాల్స్ రెండు చివరల మధ్య పూర్తిగా గుప్తీకరించి ఉంటాయి. 2016 నుంచి ఆ ఏర్పాటు ఉంది, మధ్యలో ఆ కంపెనీ కూడా వినలేదు. మీ వ్యవస్థలో గుప్తీకరణ ఫోను నుంచి సర్వరుకు ఒకటి, సర్వరు నుంచి బయటికి మరొకటి. మధ్యలో సర్వరు దగ్గర మాట తెరిచి ఉంటుంది, ఎందుకంటే రికార్డింగ్ చేయాలన్నా, మరొకరిని కాన్ఫరెన్స్‌లో కలపాలన్నా అక్కడ తెరవాలి. ఇది లోపమని కొందరు అంటారు. నా ఉద్దేశంలో ఇది సంస్థ అవసరం. కానీ ఆ సర్వరు గది తాళం, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉన్నాయన్నది అప్పుడు చాలా ముఖ్యమైన ప్రశ్న అవుతుంది.

కరెంటు పోయినప్పటి సంగతి చూద్దాం. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు అదే తీగలో వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఫైబర్ గాజు తీగ, అందులో కరెంటు రాదు. ఇంట్లో కరెంటు పోతే ఫైబర్ పెట్టె ఆగిపోతుంది, నెట్ ఫోనూ ఆగిపోతుంది. సంస్థల్లో ఫోనుకు విడిగా అడాప్టరు పెట్టరు. 2003లో వచ్చిన పీఓఈ ప్రమాణం ప్రకారం నెట్‌వర్క్ తీగలోనే స్విచ్ నుంచి పోర్టుకు 15.4 వాట్ల దాకా కరెంటు ఇవ్వవచ్చు. మామూలు టేబుల్ ఫోనుకు అందులో సగం కూడా అక్కర్లేదు. స్విచ్‌కు యూపీఎస్ ఉంటే అంతస్తులోని ఫోన్లన్నీ బతికి ఉంటాయి. జనరేటరు ఉంది కదా అని స్విచ్ రాక్‌లకు యూపీఎస్ వద్దంటారు కొందరు. జనరేటరు అందుకునే ఆ పదిహేను సెకన్లలో స్విచ్ ఆగి, తిరిగి లేచి, ఫోన్లన్నీ మళ్లీ సర్వరుతో నమోదు అయ్యేసరికి కొన్ని నిమిషాలు పడుతుంది.

దారి పూర్తిగా తెగిపోయే రోజులు కూడా ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు టవర్లు కూలి, కేబుళ్లు తెగి నగరమంతా ఫోన్లు లేక అల్లాడిపోయింది. అప్పటినుంచి కోస్తా జిల్లాల్లో నేను అమర్చే ప్రతి ఆసుపత్రికీ ఇద్దరు వేర్వేరు ఆపరేటర్ల నుంచి, భవనంలోకి రెండు వేర్వేరు వైపుల నుంచి వచ్చే లైన్లు ఉండాలని పట్టుబడుతున్నాను. ఇద్దరు ఆపరేటర్లున్నా రెండు ఫైబర్లూ ఒకే స్తంభం మీద వస్తే వాటిని ఒకటిగానే లెక్కపెట్టాలి. ఇంకో సంగతి: బయటి లైన్లన్నీ పోయినా లోపలి ఎక్స్‌టెన్షన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. సర్వరు భవనంలో ఉంటే అది సహజంగానే జరుగుతుంది. క్లౌడ్‌లో ఉంటే, ఆపరేషన్ థియేటరు నుంచి పక్క అంతస్తు బ్లడ్ బ్యాంకుకు చేసే కాల్ కూడా ముంబయికో చెన్నైకో వెళ్లి సూచన తెచ్చుకోవాలి. అటువంటప్పుడు లైను తెగితే లోపలి కాల్స్‌ను తాత్కాలికంగా నడిపించే చిన్న యంత్రం భవనంలో ఉండి తీరాలి. క్లౌడ్ టెలిఫోనీకి నేను వ్యతిరేకిని కాను. పది మంది పనిచేసే డయాగ్నొస్టిక్ సెంటరు అయితే అదే తీసుకోమని చెబుతాను. 300 పడకల ఆసుపత్రికి మాత్రం ఆ చిన్న యంత్రం లేకుండా చెప్పను.

అత్యవసర నంబర్ల విషయంలో మన దగ్గర శ్రద్ధ చాలా తక్కువ. సంస్థల్లో బయటి లైనుకు ముందు సున్నా కొట్టడం అలవాటు. 2013లో టెక్సస్ రాష్ట్రం మార్షల్ పట్టణంలో ఒక మోటెల్ గదిలో కారీ హంట్ అనే మహిళ హత్యకు గురైంది. ఆ సమయంలో ఆమె తొమ్మిదేళ్ల కూతురు గది ఫోను నుంచి నాలుగుసార్లు అక్కడి అత్యవసర నంబరు 911 కొట్టింది. తనకు నేర్పినట్టే కొట్టింది. ఆ వ్యవస్థలో బయటి లైనుకు ముందు 9 కొట్టాలన్న సంగతి ఆ పాపకు తెలియదు, ఒక్క కాల్ కూడా వెళ్లలేదు. ఆ తర్వాత కారీ పేరు మీదే అమెరికాలో చట్టం వచ్చింది. 2020 ఫిబ్రవరి నుంచి అక్కడ కొత్తగా పెట్టే సంస్థల వ్యవస్థలన్నిటిలో ముందు ఏ అంకె లేకుండానే 911 కలవాలి, కాల్ చేసిన సంగతి రిసెప్షన్ వంటి చోటుకు తెలియాలి. మన దగ్గర ఎక్స్‌టెన్షన్ నుంచి 108, 112, 101 నేరుగా కొట్టినా, ముందు సున్నా కొట్టినా కలిసేటట్టు డయల్ ప్లాన్ (ఏ అంకెలు కొడితే కాల్ ఎటు వెళ్లాలో చెప్పే నియమాలు) రాయడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఎవరూ వెచ్చించని వ్యవస్థలు నేను ఎన్నో చూశాను.

ఇంటి సేవకు ఇదే విషయంలో వేరే చిక్కు ఉంది. నెట్ ఫోను పెట్టెను ఎక్కడికి తీసుకుపోయినా అదే నంబరుతో పనిచేస్తుంది. అదే దాని సుఖం, అదే దాని ప్రమాదం. చికాగోలో నమోదు చేసిన పెట్టెను అట్లాంటాకు తీసుకుపోయి చిరునామా మార్చకపోతే 911 వాళ్లకు చికాగో ఇల్లే కనిపిస్తుంది. 2005లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఇటువంటి సేవలన్నీ అత్యవసర కాల్స్‌ను చిరునామాతో సహా అందించాలని ఆదేశించింది, కానీ చిరునామా సరిగా ఉంచుకోవడం వాడేవారి బాధ్యతే. అక్కడున్న మన పిల్లల ఇళ్లకు వెళ్లే తల్లిదండ్రులకు నేను ఈ మాట తప్పక చెబుతాను.

భద్రత విషయంలో ఇంటి సేవ ఒక రకంగా మెరుగు. అందులో ముందుగా వేసుకున్న సొమ్ము అయిపోతే కాల్స్ ఆగిపోతాయి, నష్టం అంతటితో సరి. సంస్థల వ్యవస్థలో పాస్‌వర్డు 1234 అని వదిలేసిన ఒక్క ఎక్స్‌టెన్షన్ చాలు. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న సిప్ సర్వర్లను యంత్రాలు రాత్రింబవళ్లు వెతుకుతూ ఉంటాయి. దొరికిన దాన్ని శనివారం రాత్రి, ఆఫీసులో ఎవరూ లేని వేళ, దూరదేశాల ఖరీదైన నంబర్లకు వందల కాల్స్ చేయడానికి వాడతారు. నేను చూసిన ఒక ప్రైవేటు సంస్థలో సోమవారం ఉదయం వచ్చి చూసేసరికి బిల్లు లక్షలు దాటింది, ఆ సొమ్ము ఆ సంస్థే కట్టుకోవలసి వచ్చింది. అందుకే మీ సర్వరును నేరుగా ఇంటర్నెట్‌కు చూపకూడదు. మధ్యలో సెషన్ బోర్డర్ కంట్రోలర్ అనే కాపలా యంత్రం ఉండాలి. ఐఎస్‌డీ అవసరం ఉన్న రెండు మూడు ఎక్స్‌టెన్షన్లకు తప్ప మూసివేయాలి. ఆపరేటర్‌తో రోజువారీ గరిష్ఠ సొమ్ము పరిమితి రాయించుకోవాలి. కొటేషన్‌లో ఆ కంట్రోలర్ లేకపోతే ఎందుకు లేదో అడగండి.

చట్టం గురించి కూడా కమిటీకి చెప్పండి. మన దేశంలో 2002 ఏప్రిల్‌లో ఇంటర్నెట్ టెలిఫోనీని అనుమతించారు, కానీ నెట్ నుంచి దేశంలోని మామూలు ఫోన్లకు కలపడం అందులో లేదు. 2018లో టెలికాం లైసెన్సు ఉన్న ఆపరేటర్లకు ఆ అవకాశం ఇచ్చారు. కాబట్టి మీ బయటి లైన్లు లైసెన్సు ఉన్న ఆపరేటరు నుంచే రావాలి. "అమెరికా నంబరు పెట్టె ఒకటి పెట్టి మీ ఈపీఏబీఎక్స్‌కు కలిపేస్తాను, ఎన్‌ఆర్‌ఐ రోగులు లోకల్ ఛార్జీతో మాట్లాడతారు, అవే కాల్స్ ఇక్కడి లైన్ల మీద ఊళ్లోకి కూడా పంపవచ్చు" అని ఎవరైనా ఆశ పెడితే దూరం పెట్టండి. విదేశీ కాల్స్‌ను నెట్ మీద తెచ్చి స్థానిక లైన్లలోకి దొంగదారిన వదలడం నేరం, ఆసుపత్రి పేరు కేసులోకి ఎక్కుతుంది.

ఇంటి సేవ ఎంత బాగున్నా అది ఎన్నాళ్లు ఉంటుందో వాడేవారి చేతిలో లేదన్న సంగతి కూడా గమనించాలి. 2003లో మొదలై ప్రపంచమంతటా ఇళ్లలో పేరు పొందిన స్కైప్‌ను 2025 మే 5న మూసేశారు. ఇళ్లవాళ్లు వేరే యాప్‌కు మారిపోయారు, పెద్ద ఇబ్బంది పడలేదు. మీ ఆసుపత్రి నంబరు పాతికేళ్లుగా రోగుల చీటీల మీద, ఊరి గోడల మీద, అంబులెన్సుల మీద ఉంది. ట్రంకు ఒప్పందంలో ఆ నంబరు మీతోనే ఉండే ఏర్పాటు ఏమిటో, ఆపరేటరును మార్చితే ఏం జరుగుతుందో రాతపూర్వకంగా తీసుకోండి.

చివరగా కొటేషన్ బేరం కన్నా అప్పగింత రోజు మీద ఎక్కువ దృష్టి పెట్టమని కోరుతున్నాను. సంతకం చేసే ముందు ఒక పూట కేటాయించి, అమర్చినవాళ్ల ఎదుటే, రోగులకు ఇబ్బంది లేని విధంగా ఇవన్నీ చేయించండి. స్కానింగ్ విభాగం నుంచి పెద్ద ఫైలు బయటికి పంపుతూ, అదే సమయంలో ఇరవై ఎక్స్‌టెన్షన్ల నుంచి బయటికి మాట్లాడించండి. మాట్లాడుతుండగానే ఒక ఆపరేటరు ఫైబరు పీకించండి. ఒక అంతస్తు స్విచ్ రాక్‌కు కరెంటు తీయించి యూపీఎస్ మీద ఎన్ని నిమిషాలు నిలుస్తుందో గడియారం పెట్టి చూడండి. రెండు బయటి లైన్లూ తీసేసి, థియేటరు నుంచి బ్లడ్ బ్యాంకుకు కాల్ చేయించండి. లైన్లు తిరిగి కలిపాక ఏదో ఒక వార్డు నుంచి, అమర్చినవాళ్లు ఎంచిన ఫోను కాకుండా మీరు ఎంచిన ఫోను నుంచి, 108 నేరుగా కొట్టించి, కలవగానే ఇది పరీక్ష అని చెప్పి పెట్టేయించండి. మీ కమిటీ సభ్యులను కూడా ఆ పూట అక్కడే ఉండమనండి.